బాలింత గదిలో అలారం

సీసీ కెమెరా కోసం మిర్యాలగూడ వచ్చిన ప్రవళిక, యుగంధర్ షాపు గోడ మీదున్న తెల్లడబ్బా దేనికని అడిగింది. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌ని కనిపెట్టి మోగుతుందని, ఆ గ్యాస్‌కు రంగూ వాసనా ఉండవని చెప్పాడు.

"కనబడనిదాంతోటి భయపెట్టి అమ్ముతున్నరా?"

"ప్రేమ గూడ కనబడదు గద మేడం."

కోపంగా చూసి వెళ్లిపోయింది. మర్నాడు ఫోన్ చేసి తిట్టింది. ఆ తిట్లే ప్రేమయ్యాయి.

సూర్యాపేటలో ప్రవళిక వాళ్లింట్లో ఆమె అక్కకు కాన్పయింది. నానమ్మ రంగనాయకమ్మ బాలింత గదికి తలుపులన్నీ బిగించి కుంపటి పెట్టింది. ప్రవళికకు భయమేసింది. అలారం బిగించే వంకతో నాయిన కూడా నిన్ను చూస్తాడని యుగంధర్‌ను పిలిచింది. అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్లాడు. ఇది పొగకు కాదు, గ్యాస్‌కు మోగుతుందని ప్రవళికకు విడమరిచి చెప్పాడు.

అతను ఇంకా వాకిట్లో ఉండగానే సాంబ్రాణి వేశారు. ఆ పొగ గదంతా కమ్మినప్పుడు అలారం నోరెత్తలేదు. పొగ పోయి, బొగ్గులు ఎర్రగా కణకణలాడుతుండగా గొల్లుమంది.

"పొగున్నప్పుడు సప్పుడు లేదు, పోయినంక ఏడుస్తున్నది. పురిటింట్ల గీ ఏడుపేంది?" అంది నానమ్మ.

యుగంధర్ ఆగలేదు. గదిలోకి దూరి కిటికీలు తెరిచాడు, కుంపటిని వాకిట్లోకి తెచ్చి నీళ్లు కుమ్మరించాడు. పొద్దుటి నుంచీ తలనొప్పితో మూలుగుతున్న అక్క కాసేపటికి తేరుకుంది. అదెవరికీ పట్టలేదు. పరాయి మగవాడు బాలింత గదిలోకి వెళ్లాడు, నిప్పు ఆర్పాడు. ప్రవళిక తండ్రి లక్ష్మీనర్సయ్య మొహం నల్లబడింది.

"పనికిరాని మిషన్ తెచ్చి ఇంట్ల నిప్పు ఆర్పుతవా?"

"నువ్వన్న చెప్పు ప్రవళికా," అన్నాడు యుగంధర్.

అంతా తెలిసిన ప్రవళిక తండ్రి మొహం చూసి తల దించుకుంది. లక్ష్మీనర్సయ్య డబ్బా ఊడదీసి అతని చేతిలో పెట్టాడు.

ఆయన తిట్టినందుకు కాదు, ఆమె నోరు మెదపనందుకు యుగంధర్ కడుపు మండింది. తర్వాత ఆమె ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. ఆమెకు కోదాడ సంబంధం కుదిరి పెళ్లయిపోయింది.

చాలా రోజులకు ప్రవళిక నుంచి మళ్లీ ఫోన్ వస్తే, ఈసారి ఎత్తాడు. పుట్టింట్లో కాన్పయిందట. అలారం అతనే వచ్చి పెట్టాలట. బుద్ధి లేక వెళ్తున్నానని తనను తాను తిట్టుకుంటూనే వెళ్లాడు.

గోడకు పాత స్క్రూ రంధ్రాలు అలాగే ఉన్నాయి. వాటిలోనే బిగిస్తుంటే నానమ్మ కుంపటితో వచ్చి, మళ్లీ ఆ ఏడుపు మిషనేనా అని సణిగింది. మంచం మీద ప్రవళిక లేచి కూర్చుంది.

"అది పొగకు కాదు నానమ్మా, బొగ్గులకు మొత్తుకుంటది. గా నాడు అక్కను, బిడ్డను బతికిచ్చింది ఆయన. నాకు ఎరుకే. నాయినకు భయపడి చెప్పలే."

ఆ ఒక్క మాట కోసం యుగంధర్ ఎన్ని రాత్రులు కాచుకున్నాడో. ఇప్పుడు విని ఏం చేసుకోవాలి? ఏడుపొచ్చింది. ఆపుకోవడానికి టెస్ట్ బటన్ నొక్కాడు. ఆ మోతకు పసిబిడ్డ ఉలిక్కిపడితే ప్రవళిక భుజాన వేసుకుంది.

గడప అవతల కూతురి మాటలు విన్న లక్ష్మీనర్సయ్య లోపలికి వచ్చి తనే కిటికీ తెరిచాడు. కుంపటి బయటికి తీసుకుపొమ్మని తల్లికి చెప్పాడు.

"చాయ్ తాగి పో బిడ్డా," అన్నాడు యుగంధర్‌తో.

బస్సుకు టైమైందని అబద్ధమాడి, యుగంధర్ సామాను సర్దుకున్నాడు.