సాక్షిచెయ్యి

ఉరుకుందమ్మ కుడి అరచేతిని వెచ్చపలక మీద ఆనించి రోజూ చెప్పే మాటే చెప్పింది. "నా చెయ్యి చల్లగా ఉంది. ఇది సాక్షి." ఎదురుగా కూర్చున్న మనిషి తన చెయ్యి పక్కన పెట్టాడు. పలక నెమ్మదిగా వేడెక్కింది. ఎంతో కాదు, టీ గ్లాసు పట్టుకున్నంత. అతను పళ్ళు బిగించి చెయ్యి లాగేసుకున్నాడు. ఆమె కదల్లేదు. పలక కింది తూకం యంత్రం రెండు అరచేతుల నరాలనూ పోల్చుకుని "సమానం" అంది.

సమానమంటే జబ్బు లేదని. తాపవేదన లేదు గనక నీడపని లేదు, అద్దాల మైదానానికి తిరిగి పోవలసిందే. అతను లేచి వెళ్ళిపోయాడు.

పెన్న ఒకప్పుడు పారిన ఇసుకలో ఇప్పుడు కనుచూపుమేరా ఎండను కరెంటు చేసే అద్దాలే. ఆ చుట్టుపక్కల దీపాలన్నీ వాటి పుణ్యమే. వాటిని తుడిచేవాళ్ళలో కొందరికి కొన్నాళ్ళకు నరాలు తిరగబడతాయి. మండుటెండను తట్టుకున్న ఒళ్ళు గోరువెచ్చని నీళ్ళకు భగ్గుమంటుంది. పైకి బొబ్బ ఉండదు, ఎరుపు ఉండదు. అందుకే నాటకాలాడేవాళ్ళను ఏరడానికి ఆ కరెంటు కేంద్రం ఈ పద్ధతి పెట్టింది. జబ్బు లేని చెయ్యి పక్కన రోగి చెయ్యి. తేడా ఉంటే జబ్బు, లేకుంటే నటన. సాక్షులుగా తీసుకున్నది కూడా అద్దాలు తుడిచి వచ్చినవాళ్ళనే. ఎండ ఎరగని చెయ్యి లెక్కకు రాదన్నారు. తమ తెలివికి తామే మురిసిపోయి, ఆ సాక్షులకే జబ్బు వస్తే ఎలాగన్నది ఎవరూ ఆలోచించలేదు.

ఉగాదికి ముందునుంచే ఉరుకుందమ్మ చెయ్యి మండుతోంది. దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా కూర్చుంటోంది. ఆమె చెయ్యీ రోగి చెయ్యీ ఒకేలా మండుతుంటే తూకానికి తేడా ఎక్కడ దొరుకుతుంది? ఆమె గదిలోకి వచ్చిన రోగులంతా సమానమే అవుతున్నారు. నటులను పట్టడంలో ఉరుకుందమ్మ తర్వాతే ఎవరైనా అని పైవాళ్ళు మెచ్చుకున్నారు. ఆమె అరచేతి ముద్రను ఇత్తడిలో పోతపోయించి గుమ్మానికి తగిలించారు. రోజూ దాని కిందినుంచే తల వంచుకుని లోపలికి వస్తుంది.

ఇంట్లో సంగటి పూర్తిగా చల్లారాక, స్పూనుతో తింటుంది. నిజం చెబితే ఈ ఉద్యోగం పోతుంది, దాంతోపాటు ఇచ్చిన చల్లగదీ పోతుంది. అయినా ఆమె నోరు కట్టేసింది అది కాదు. మైదానంలో ఉన్నప్పుడు మంట అన్నవాళ్ళందరినీ వెన్నముద్దలని వెక్కిరించి నలుగురినీ నవ్వించింది తనే. ఆ పేరుతో ఇప్పుడు తనను పిలుస్తారన్న సిగ్గు. ఆ సిగ్గును కప్పుకోవడానికి ఎంతమందిని ఎండలోకి తోసిందో తలుచుకుంటే, దాన్ని మించిన సిగ్గు.

తర్వాత సుంకులమ్మ వచ్చింది. ఒకప్పుడు ఇద్దరూ ఒకే వరసలో అద్దాలు తుడిచారు, ఒకే సీసాలో నీళ్ళు తాగారు. ఆమెను ఉరుకుందమ్మ ఇదివరకే ఒకసారి "సమానం" అనిపించి వెనక్కి పంపింది. ఈసారి సుంకులమ్మ కూర్చోలేదు. నీడపని అడగడానికి రాలేదని ముందే చెప్పేసింది.

"అక్కా, పాప ఇంగా పాలు తాగుతాంది. ఎత్తుకుంటే దాని ఒంటి ఎచ్చదనం నిప్పుల మాదిరి తగులుతాంది. అరిస్తే బిడ్డ జడుసుకుంటాదని నోట్లో గుడ్డ పెట్టుకోని పాలిస్తాండా. ఆ పొద్దు నీ చెయ్యేమో కదల్లే. అంటే నాకు జబ్బు లేదు గదా. ఇంగ నేను బిడ్డంటే కిట్టని తల్లినేనా? అదొక్కటి చెప్పు, పోతా."

ఉరుకుందమ్మకు ఆమె ముఖంలోకి చూడడం చేతకాలేదు. కూర్చోమని కుర్చీ చూపించి, తన చెయ్యి పలక మీద పెట్టింది. పలక వేడెక్కుతోంది.

"నా చెయ్యి..." అని ఆగింది. తూకం మిగతా మాట కోసం చూస్తోంది. "నా చెయ్యి మండుతాంది. ఇది సాక్షి కాదు."

తూకం ఆగిపోయింది. గది పైన గంట మోగింది. సాక్షి చెడితే ఆ సాక్షి మీద ఇచ్చిన తీర్పులన్నీ చెడతాయని నియమం. దాన్ని వాడవలసిన అవసరం ఇంతవరకూ ఎవరికీ రాలేదు.

సుంకులమ్మ పలక మీదికి వంగింది. "ఎప్పట్నుంచి?" అని అడిగింది.

"నిన్ను ఎనక్కి పంపిన దినానికి ముందునుంచే. తెలిసే పంపినా."

సుంకులమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఉరుకుందమ్మకు. "అయితే నేను అట్లాంటి తల్లిని కాదు," అని తనలో తాను అనుకున్నట్టు అని, కొంగుతో చెయ్యి చుట్టుకుని బయటికి నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు.

గంట మోగుతూనే ఉంది. గోడకు అవతల మరో సాక్షి గది, దాని అవతల ఇంకొకటి. అన్నిట్లోనూ మాటలు ఆగిపోయాయి. కాసేపటికి పక్కగదిలో "ఇది సాక్షి కాదు" అన్న గొంతు వినిపించి, అక్కడా గంట మోగింది. ఆ తర్వాత దాని పక్కగదిలో.

ఉరుకుందమ్మ తల ఎత్తలేదు.