పడని ప్రశ్న గుర్తు

బుధవారం పొద్దున అనూహ్య నన్ను "శ్రీచరణ్ గారూ" అని పిలిచింది. ఏడాదిగా "చరణ్" అని పిలిచే మనిషి ఉన్నట్టుండి గారు తగిలిస్తే ఎవరికైనా భయమేస్తుంది.

జర్మనీలోని ఎష్‌బోర్న్‌లో, మా ఆఫీసులో ఇద్దరిదీ నెట్‌వర్క్ పనే. నేను చేరిన రోజు, కంప్యూటర్లను కలిపే స్విచ్ అనే డబ్బాకి కమాండ్లు కొట్టడం నేర్పింది తనే. మాట మొత్తం రాయక్కర్లేదు, రెండు మూడు అక్షరాలు కొడితే ఆ డబ్బాకి అర్థమైపోతుందని చెప్పింది. ఆ పద్ధతి నాకు తెగ నచ్చేసి, మనుషులతో కూడా అలాగే నెట్టుకొస్తున్నాను.

టెస్టింగ్ కోసం ఉంచిన పాత స్విచ్‌లో ఎవరూ వైరు గుచ్చని పోర్టు ఒకటుంది. స్విచ్ సెట్టింగుల్లో పోర్టు పేరు పక్కన చిన్న వాక్యం టైపు చేసుకోవచ్చు. తెలుగు లిపి పడదు కాబట్టి ఇంగ్లిష్ అక్షరాల్లోనే "ఛాయ్ రెడీ", "వాన పడేలా ఉంది, గొడుగు తెచ్చుకో" అని ఒకరికొకరం రాసుకునేవాళ్ళం. తనంటే నాకు ప్రాణమన్న సంగతి మాత్రం ఎక్కడా రాయలేదు.

ఈలోగా తనకి దూరంగా పాడర్‌బోర్న్ అనే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. శుక్రవారంలోగా జవాబు చెప్పాలి. ఎదురుగా అడిగే ధైర్యం లేక, మంగళవారం సాయంత్రం ఆ పోర్టు దగ్గర ఒకే ఒక్క ప్రశ్న రాశాను.

గురువారం కాంటీన్ బయట తను వాన చూస్తూ నిలబడి ఉంటే, దగ్గరికెళ్ళి ఏమైందని అడిగాను.

"నన్ను విడిచి పోతవ్ అని రాశావు. అంతా నువ్వే తేల్చేశాక ఇంక నాతో మాటలెందుకండీ?"

"తేల్చలే. అడిగిన. చివర్ల క్వశ్చన్ మార్క్ పెట్టిన."

లేదంది. చంకలో ఉన్న లాప్‌టాప్ తెరిచి చూస్తే నిజంగానే లేదు.

సంగతి అర్థమై తను ఫక్కున నవ్వేసింది. ప్రశ్న గుర్తు కొడితే ఆ డబ్బా దాన్ని అక్షరంగా తీసుకోదు. మనకేదో సాయం కావాలనుకుని, ఏమేం రాయొచ్చో చూపిస్తుంది. గుర్తు పోతుంది, మిగతా మాటలు ఉంటాయి. ముందు కంట్రోల్, వి నొక్కి కొడితేనే పడుతుందట. మంగళవారం తెరమీద ఏవో లైన్లు రావడం నేనూ చూశాను. మేనేజర్ కమలాకర్ గారు వస్తున్నారని హడావిడిగా ఎంటర్ కొట్టి మూసేశాను.

ఆ మాట చదివి నిన్నంతా ఏడ్చానని నవ్వుతూనే చెప్పింది. పాడర్‌బోర్న్ వాళ్ళకి సరేనని మెయిల్ కూడా రాసి పెట్టుకుందట.

"ఇప్పుడు నోటితో అడుగు," అంది.

"నన్ను విడిచి పోతవా, అనూ? నువ్వు లేకుంటే నాతోని కాదు."

తను చెంపలు తుడుచుకుంది.

"ఆ ఉద్యోగానికి వెళ్తాను చరణ్. అలాంటి పని కోసం మూడేళ్ళు ఎదురుచూశాను. నిన్ను విడిచి మాత్రం కాదు."

ప్రతి శుక్రవారం సాయంత్రం పాడర్‌బోర్న్‌కి ట్రైన్లు ఎన్నింటికున్నాయో చూస్తానన్నాను.

"అది తర్వాత చూద్దువుగాని. ఇవాళ ఐదింటికి కాకినాడ నుంచి మా అమ్మ వీడియో కాల్ చేస్తుంది. ముందు వెళ్ళి ఆ గడ్డం గీసుకుని రా."