రెండో స్కాన్

"స్కాన్‌లో ఏమీ లేదు. చెవి వల్ల వచ్చిన తలతిరుగుడు అయ్యుంటుంది. మీ అమ్మగారిని ఇంటికి తీసుకెళ్లండి" అన్నాడు డాక్టర్ ఒబెంగ్.

"తీసుకెళ్లను" అంది అఫ్రియే.

ఘనా దేశపు కుమాసీలో శనివారమంటే అంత్యక్రియల రోజు. ఎరుపు, నలుపు బట్టల జనం మధ్య వాళ్లమ్మ పోకువా తూలిపోతే, సారా ఎక్కువైందని బంధువులు నవ్వారు. ఆవిడ జన్మలో చుక్క ముట్టలేదు. నవ్వినవాళ్లను కడిగేసి, అఫ్రియే తల్లిని టాక్సీలో తెచ్చింది. ఇప్పుడు ఎమ్మారై గది గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

ఒబెంగ్ స్కాన్ బొమ్మలు చదివే డాక్టరు. రోగుల ముఖాలతో అతనికి పని పడదు.

"బొమ్మ మీకు తెలుసు, అమ్మ నాకు తెలుసు. ఆవిడ కూర్చోలేకపోతోంది. ఒక్కసారి లేచొచ్చి చూస్తే మీ కుర్చీ అలుగుతుందా?"

అతనికి నవ్వొచ్చింది. దాచుకుని బయటికొచ్చి, పోకువా కళ్ల ముందు వేలు కదిపాడు. కుడికి చూస్తే కళ్లు కుడికి అదిరాయి. ఎడమకు చూస్తే ఎడమకు.

నవ్వు ఆగిపోయింది. చెవి జబ్బయితే ఎటు చూసినా కళ్లు ఒకవైపుకే అదరాలి. ఇది చెవి జబ్బు కాదు. మెదడు వెనకభాగానికి రక్తం ఆగితే, మొదటిరోజు బొమ్మ ఒక్కోసారి శుభ్రంగానే వస్తుంది. ఇంటికి పంపితే, అక్కడ వాపొచ్చి ప్రాణం పోవచ్చు.

వెంటనే వార్డులో చేర్పించి మందులు మొదలుపెట్టించాడు. రెండో స్కాన్‌కి మాత్రం పెద్ద డాక్టరు ఒప్పుకోలేదు. మిషను ఒక్కటే, వరస పొడుగు అన్నారు.

ఆదివారం వాన. అందరూ చర్చిలో ఉండగా ఒబెంగ్ తానే మిషను నడిపాడు. అఫ్రియేకి కెంకే అనే పులిసిన మొక్కజొన్న పిండి ముద్ద, వేయించిన చేప తెచ్చాడు. లంచమా అని అడిగింది. క్షమాపణ అన్నాడు. ఆమె తింటుంటే చూస్తూ, వేరే బటన్ నొక్కబోయి ఆగాడు.

తెర మీద, చిన్నమెదడులో తెల్లటి మచ్చ.

అఫ్రియే గెలిచింది. గెలిచి ఏడ్చింది.

సోమవారం పెద్ద డాక్టరు వార్డుకొచ్చి, రెండో స్కాన్ ఎవరి పని అని అడిగారు.

"నాదే. నేనే గుమ్మం వదల్లేదు" అంది అఫ్రియే.

"ఆమెది కాదు సార్, నాది. ఇలాంటి రోగి వస్తే మళ్లీ తీస్తాను" అన్నాడు ఒబెంగ్.

ఆయన బొమ్మను చూసి, అవే మందులు కొనసాగించమని చీటీలో రాసి వెళ్లిపోయారు.

మంచం మీంచి పోకువా గొంతు నెమ్మదిగా వచ్చింది. "బాబూ, నా కూతురి తప్పులు నువ్వు మోయాలంటే, ముందు మీ మేనమామలతో వచ్చి, పిల్లనివ్వమని మా తలుపు తట్టాలి."

"అమ్మా, నీకింకా తల తిరుగుతోంది."

"తల తిరిగితేనేం? కళ్లు కనిపిస్తున్నాయిగా."