లెన్స్ ఒకటి, ప్రదర్శనలు మూడు

బెన్నీ స్టూడియోలో ఆ పొడవాటి లెన్స్ ఒక్కటే ఉంది. శుక్రవారం పొద్దున్న దాని పెట్టె మీద రెండు చేతులు ఒకేసారి పడ్డాయి.

ఒకటి అవినాష్‌ది. రెండోది ఎవరిదా అని అతను తల తిప్పాడు. ఆ తిప్పడంలోనే నష్టం మొదలైంది. ఈలోపు ఆమె పెట్టెను తన వైపు లాగేసుకుంది.

“ఇది నేను బుక్ చేసుకున్నానండీ” అన్నాడు అవినాష్.

“నేనూ చేసుకున్నాను. పది రోజుల కిందట, ఫోన్లో. మీరెప్పుడు?”

అవినాష్ బెన్నీకి చెప్పింది తొమ్మిది రోజుల కిందటే. విత్తనాల షాపులో పుట్టి పెరిగినవాడు కాబట్టి తనకు పనికిరాని అంకెను బయట పెట్టలేదు. “ఏంటి బెన్నీ ఇది?” అని స్టూడియో ఓనర్ మీద పడ్డాడు.

“పెళ్లిళ్ల హడావిడిలో ఇద్దరికీ సరేననేశాను బ్రదర్. అసలు దీన్ని ఎవరడుగుతారు? మండపంలో దీంతో తీస్తే పెళ్లికూతురి ముక్కుపుడక తప్ప ఇంకేం పడదు. మీరిద్దరూ ఒకే చోటికి పోతున్నారని నాకేం తెలుసు?”

“బెంగళూరు ఎయిర్ షోకా?” అన్నాడు అవినాష్.

“మీరూనా?” అంది ఆమె. పెట్టె మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.

ఆమె పేరు శ్రీవల్లి. గంపలగూడెంలో పొలాలున్న కుటుంబం. తిరువూరు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. అవినాష్‌కు కావలసింది ఒకే ఒక్క ఫొటో. రెండు జెట్‌లు ఎదురెదురుగా దూసుకొచ్చి ఒకదాన్నొకటి దాటే క్షణం, రెండూ ఒకే ఫ్రేములో. గత రెండు షోల్లో అతనికి దక్కింది ఒక తోక, కాస్త పొగ. ఉగాది నుంచి విస్సన్నపేటలో కొత్త షాపు అతని మీదే నడవాలి. “తిరుగుళ్లకి ఇదే ఆఖరు. తర్వాత గల్లాపెట్టె ముందు నుంచి లేచావా, ఊరుకోను” అని తండ్రి కోదండరామయ్య ముందే తేల్చేశాడు. అంటే ఈసారి కాకపోతే ఇక ఎప్పటికీ కాదు.

“నాకూ అదే ఫొటో కావాలి” అంది శ్రీవల్లి, అంతా విని.

అవినాష్ మనసులో లెక్క వేశాడు. పోట్లాడితే ఇద్దరికీ లెన్స్ లేదు. ఇద్దరి కెమెరాలకూ అది సరిపోతుంది. శనివారం ఒకే ప్రదర్శన, ఆదివారం రెండు.

“శనివారం మీరు తీసుకోండి. ఆదివారం నేను.”

“ఆదివారం రెండున్నాయి కదండీ?”

“ఆదివారం మబ్బు పట్టొచ్చు కూడా. ఆ రిస్కు నాది.”

ఆమె అతన్ని తేరిపార చూసింది. “శనివారం నా పక్కన నిలబడి, నా తప్పులు చూసి నేర్చుకుందామనేగా?”

“వ్యాపారస్తుణ్ణండి. చూసినదానికి ఛార్జీ లేదుగా!”

ఆమె నవ్వింది. ఆ నవ్వును ఏ పద్దులో వేసుకోవాలో అవినాష్‌కు తెలియలేదు.

*

శనివారం మధ్యాహ్నం మైదానం నిండా టోపీలు, చెవుల్లో దూది. శ్రీవల్లికి తోడుగా నాయనమ్మ సుబ్బాయమ్మ వచ్చింది. గొడుగు వేసుకుని, జంతికల డబ్బా ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది.

“అబ్బాయ్, ఆ గొట్టంలో విమానం దగ్గరగా కనబడుద్దా?”

“పైలట్ హెల్మెట్టు కూడా కనబడుద్ది మామ్మగారూ.”

“అయితే మా వల్లికి సంబంధాలు కూడా దాంతోనే చూడాలి.”

“నాయనమ్మా!” అంది శ్రీవల్లి, కెమెరా లోంచి కన్ను తియ్యకుండానే.

ఆమె పనితనం చూసి అవినాష్ లోలోపల మెచ్చుకున్నాడు. ప్రొపెల్లర్ విమానానికి షట్టర్ స్పీడు తగ్గించింది. లేకపోతే ప్రొపెల్లర్ రెక్కలు తిరగకుండా ఆగినట్టు పడి, గాలిలో బొమ్మను వేలాడదీసినట్టుంటుంది. జెట్‌లు రాగానే పెంచింది. చేతులు వణకలేదు. నడుము దగ్గర్నుంచి తిరుగుతూ విమానాన్ని మెత్తగా వెంటాడింది.

ఆఖరున అసలు ఘట్టం వచ్చింది. ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి. శ్రీవల్లి ఎడమదాన్ని పట్టుకుంది. అప్పుడే అవినాష్‌కు రెండు షోలుగా తెలియని రహస్యం తెలిసిపోయింది. అంత పొడవు లెన్స్‌లో కన్ను పెట్టినవాళ్లకు ఒక విమానమే కనబడుతుంది. రెండోది ఎప్పుడొస్తుందో తెలియదు. ఉత్త కళ్లతో పక్కన నిలబడ్డవాడికి రెండూ కనబడతాయి. ఆ చప్పుడులో అరిస్తే వినబడదు. భుజం మీద ఒక్కసారి తడితే చాలు.

అతని చెయ్యి సగం లేచింది. ఆమెకు వస్తే, తనకు రాకముందే ఆమెకు వస్తే? చెయ్యి జేబులోకి పోయింది.

రెండు విమానాలూ దాటేశాయి. ఆమె కెమెరా తెర మీద ఒక తోక, కాస్త పొగ.

“పర్లేదు” అంది శ్రీవల్లి. మొహంలో మాత్రం ఆ మాట లేదు. “రేపు మీ వంతు.”

*

ఆదివారం పొద్దున్న ప్రదర్శనకు పావుగంట ముందు అవినాష్ లెన్స్ మూత తీసి కెవ్వుమన్నాడు. ముందు అద్దం నడిమధ్యన రూపాయి బిళ్లంత గంధం, దాని మీద కుంకుమ.

“మామ్మగారూ! ఇదేంటండీ?”

“నిన్న మా పిల్లకి దిష్టి తగిలి రాలేదుగా! అందుకని పొద్దున్నే స్నానం చేసి పెట్టా. ట్రాక్టరుకి పెడతాం, మోటారుకి పెడతాం, దీనికి పెడితే తప్పా?”

“ట్రాక్టరు ఆ బొట్టులోంచి చూడదు కదండీ!”

అతను జేబురుమాలు తీశాడు. శ్రీవల్లి చెయ్యి పట్టుకుని ఆపింది. “రుద్దారంటే కుంకుమ రజను అద్దాన్ని గీకేస్తుంది. ఇలా ఇవ్వండి.”

ముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టి పొడి రాల్చింది. తర్వాత మెత్తటి గుడ్డను లెన్సులు తుడిచే మందుతో తడిపి, మధ్య నుంచి అంచులకు తుడిచింది. ఒక గుడ్డ ఎర్రబడింది. రెండోది పసుపుపచ్చబడింది. మూడోది తెల్లగా మిగిలింది. పైన మొదటి విమానాలు లేచాయి. ఆమె తల ఎత్తలేదు. అవినాష్ మాత్రం ఆకాశాన్ని వదిలేసి ఆమె వేళ్లనే చూస్తున్నాడు.

“తీసుకోండి. మీరు ఎడమదాన్ని పట్టుకుని వదలకండి. నాకు రెండూ కనబడతాయి. నేను భుజం మీద తట్టగానే నొక్కండి.”

నిన్నటి సంగతి చెప్పేద్దామని అవినాష్ నోరు తెరిచాడు. కానీ జెట్‌లు వచ్చేస్తున్నాయి.

ఎడమది దొరికింది. పెద్దదవుతోంది. చప్పుడు ఛాతీలో కొట్టుకుంటోంది. ఇంకా... ఇంకా... భుజం మీద చిన్న దెబ్బ. నొక్కాడు.

తెర మీద రెండు విమానాలు, పొట్టకు పొట్ట ఆనించినట్టు. రెక్కల మీది అక్షరాలతో సహా.

“వచ్చింది!” అని శ్రీవల్లి ఎగిరి గంతేసింది, తీసింది తానే అయినట్టు.

అవినాష్ గెంతలేదు. “నిన్న నాకూ రెండూ కనబడ్డాయండీ. తట్టాలని తెలిసింది. తట్టలేదు.”

“ఎందుకు?”

“నాకు రాకముందు మీకు రావడం ఇష్టం లేక. అంతే. ఇంకో కారణం చెబితే అబద్ధం.”

“మీ చెయ్యి సగం లేచి ఆగిపోవడం నాయనమ్మ చూసింది. రాత్రి చెప్పింది.”

“తెలిసీ ఈరోజు తట్టారా?”

“నాయనమ్మ చెప్పాకే పద్ధతి తెలిసింది. అది నిజంగా పనిచేస్తుందో లేదో చూడకుండా ఎలా ఉంటాను? ఫిజిక్స్ చెప్పేదాన్ని.” ఎర్రబడ్డ గుడ్డను సంచిలో కుక్కుతూ అంది, “కోపం మాత్రం ఉంది. చాలా ఉంది.”

అవినాష్ తన కెమెరా నుంచి లెన్స్ విప్పాడు. జీవితంలో మొదటిసారి లెక్క వెయ్యకుండా ఒక బేరం చేశాడు.

“మధ్యాహ్నం ప్రదర్శన మీది.”

“ఆదివారం అంతా మీదే కదా, ఒప్పందం?”

“ఒప్పందం నేను కుదిర్చిందే. మీకు తక్కువొచ్చేలా కుదిర్చాను. ఇప్పుడు సరిచేస్తున్నా. తీసుకోండి.”

మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. రెండు చినుకులు కూడా రాలాయి. చాలామంది సామాను సర్దేసుకున్నారు. శ్రీవల్లి లెన్స్ మీద చున్నీ కప్పి, దవడ బిగించి నిలబడింది. “పైకి లేస్తే తీసి తీరతాను” అంది. “లేస్తాయి” అన్నాడు అవినాష్, తానే ఎగరేస్తున్నట్టు.

లేచాయి. బూడిదరంగు మబ్బు కింద రెండు నల్లటి బాణాలు. అవినాష్ రెప్ప వెయ్యలేదు. ఎడమ, కుడి, ఎడమ, కుడి... తట్టాడు.

ఆమె తెర చూసుకుంది. మబ్బుల వల్ల ఆ ఫొటో అతనిదానికంటే బాగుంది. అతనికి ఏమాత్రం బాధ కలగలేదు.

“అబ్బాయ్, విమానాలు దిగిపోయి చాలాసేపయింది” అంది వెనక నుంచి సుబ్బాయమ్మ.

అప్పుడు చూసుకున్నాడు. తన చెయ్యి ఇంకా శ్రీవల్లి భుజం మీదే ఉంది. గబుక్కున తీశాడు. తీశాక ఇక వెనక్కి తగ్గదలచుకోలేదు.

“మామ్మగారూ, మా నాన్న గంపలగూడెం వస్తే ఇంట్లో మాట్లాడే పెద్దవాళ్లెవరుంటారు?”

“దేని గురించి మాట్లాడటానికి?”

“విత్తనాల గురించి కాదండీ.”

సుబ్బాయమ్మ మనవరాలి వైపు చూసింది. శ్రీవల్లి లెన్స్‌ను పెట్టెలో పెట్టి, మూత వేసి, రెండు తాళాలూ బిగించింది. అంతసేపూ అవినాష్ ఆ తాళాలనే చూస్తున్నాడు.

“ఆదివారం రమ్మనండి” అంది ఆమె. “నాకు కాలేజీ ఉండదు.”