ఏడు నిమిషాల బ్యాటరీ

ఉదయం పదకొండూ ఇరవై. డేటా సెంటర్ గేటు దాటి డీజిల్ ఇన్‌స్పెక్టర్ బస్‌స్టాప్ వైపు గబగబా నడుస్తున్నాడు. ఒక చేతిలో డీజిల్ నింపిన చిన్న గాజుసీసా, మరో చేతిలో ఫోన్.

"చెప్పు బావా," అంది ఫోన్‌లో గొంతు.

"నువ్వనుకున్నది కాదురా. వాళ్లు కంప్యూటర్ల జోలికే పోవట్లేదు. ట్యాంకుల్లో..."

తుపాకీ చప్పుడు వినిపించలేదు. సైలెన్సర్. సీసా పగిలిన శబ్దం మాత్రం ఫోన్‌లో స్పష్టంగా వినిపించింది.

ఆ శబ్దం విన్నవాడు హతుడి బావమరిది. సీక్రెట్ సర్వీస్ ఏజెంట్. పట్టుకుంటే వదలడు గనక డిపార్ట్‌మెంట్‌లో అతణ్ణి ఉడుము అంటారు. ఆ బిల్డింగ్‌లో అనుమానంగా ఏదైనా కనిపిస్తే చెప్పమని బావని అడిగింది అతనే.

గంట తర్వాత చీఫ్ గదిలో నిలబడ్డాడు.

"కూర్చోకు," అన్నాడు చీఫ్. "ఇంట్లో మనిషిని ఇన్‌ఫార్మర్‌గా వాడుకున్నావు. నిన్ను ఓదార్చే ఓపిక నాకు లేదు. విను. అంబులెన్సుల కంట్రోల్ రూమ్, రైల్వే సిగ్నళ్లు, ఆసుపత్రుల రికార్డులు, అన్నీ ఆ ఒక్క బిల్డింగ్‌లో సర్వర్ల మీదే నడుస్తున్నాయి. రేపు మధ్యాహ్నం రెండింటికి విదేశీ ముఠా దెబ్బ కొడుతోంది. హ్యాకింగ్ అంటున్నారు నిపుణులు."

"నిపుణుల్ని ఎవరూ కాల్చలేదు సార్. డీజిల్ చూసుకునే మనిషిని కాల్చారు."

చీఫ్ మొహం చిట్లించాడు. "క్లౌడ్ అంటే ఆకాశంలో ఉంటుందనుకుంటున్నాడు మంత్రి. అది కాంక్రీట్ మీద కూర్చుని, కరెంటు తిని, నీళ్లు తాగి బతుకుతుందని చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు నువ్వు మొదలెట్టకు. లోపల మన ఏజెంట్ ఉంది. కోడ్‌నేమ్ నెమలి. పైకి కూలింగ్ కన్సల్టెంట్. ఆవిడ చెప్పినట్టు చెయ్యి. వెళ్లు."

ఉడుము నేరుగా అక్క ఇంటికి వెళ్లాడు. ఆమె తలుపు తీసింది, గొలుసు తియ్యలేదు.

"బావ నోట్‌బుక్ కావాలక్కా."

"మనిషి ఇంకా మార్చురీలోనే ఉన్నాడు. నీకు నోట్‌బుక్ కావాలా?"

అతను తల దించుకున్నాడు. ఆమె లోపలికెళ్లి వచ్చి, తలుపు సందులోంచి నోట్‌బుక్ అతని మొహాన కొట్టింది.

"టీవీలో తుపాకీ కనిపిస్తేనే ఛానల్ మార్చేసేవాడు ఆయన. నీ మాట పట్టుకుని పోయాడు. ఇంకెప్పుడూ నా గుమ్మం తొక్కకు."

మెట్ల మీద నిలబడే చివరి పేజీ చదివాడు. బావ గుండ్రటి అక్షరాలు, ముందురోజు రాత్రి ఇంట్లో రాసుకున్నవి. "ఆరు ట్యాంకులు. ఆరింటి అడుగునా నీళ్లు. మెయిన్ కరెంటు పోతే బ్యాటరీలు ఏడు నిమిషాలే. తర్వాత జనరేటర్లే దిక్కు. ఈ డీజిల్‌తో అవి తిరగవు."

చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"నిన్ననే నెమలి పరీక్షించింది. డీజిల్ శుభ్రంగా ఉందని రిపోర్ట్ ఇచ్చింది," అని పెట్టేశాడు చీఫ్.

బావ రాత, నెమలి మాట. రెండింట్లో ఒకటి అబద్ధం. బిల్డింగ్‌కి ఫోన్ చేసి హెచ్చరిస్తే ఆ కబురు ముందు చేరేది నెమలికే. ఉడుము బావ రాతనే నమ్మాడు.

మర్నాడు ఒంటిగంటన్నరకి ఒక డీజిల్ ట్యాంకర్ డేటా సెంటర్ గేటు దాటింది. స్టీరింగ్ వెనక ఖాకీ చొక్కా, వారం గడ్డం. గడ్డం అతికించుకున్నది. మనిషి ఉడుము.

"డీజిల్ ఎవడు అడిగాడయ్యా?" జనరేటర్ మేస్త్రి కస్సుమన్నాడు. "ట్యాంకులు నిండుకుండల్లా ఉన్నాయి."

"కుండలన్నావుగా. నీళ్లేమో చూద్దాం."

ఉడుము పొడవాటి ఇనుపకడ్డీ తీసి, చివర పేస్ట్ రాసి ట్యాంకులోకి దించాడు. నీళ్లు తగిలితే రంగు మారే పేస్ట్ అది. పైకి తీస్తే నాలుగు వేళ్ల మేర ఎర్రగా మారింది.

మేస్త్రి ఆ ఎరుపుని వేలితో తుడిచి చూశాడు.

"మెయిన్ ట్యాంకుల వాల్వ్ మూసెయ్. నా ట్యాంకర్‌లో మంచి డీజిల్ ఉంది. జనరేటర్‌కి నేరుగా తగిలించు."

"మేనేజర్ సంతకం లేకుండా బోల్టు కూడా తిప్పను. డ్రైవర్‌వి, నువ్వెవడివి నాకు చెప్పడానికి?"

అంతలో హైహీల్స్ టకటకలాడాయి. నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు. డీజిల్ కంపులో కూడా ఆ సెంటు దారి చేసుకుని వచ్చింది.

"మబ్బు కిందికి దిగింది," అందామె మెల్లగా.

"గొడుగు తెచ్చాను," అన్నాడు ఉడుము. అది జవాబు కోడ్.

"డీజిల్ సంగతి వదిలెయ్. దాడి వైరస్‌తో. మూడో హాల్లో సర్వర్‌కి ఏదో పరికరం తగిలించారు. రా, చూపిస్తా."

అబద్ధమని తెలుసు. ఆమె వెనక ఇంకెవరున్నారో చూడాలని వెళ్లాడు. అదే అతను చేసిన తప్పు. హాల్లో అడుగు పెట్టగానే వెనక తలుపు మూసుకుంది. స్పీకర్‌లో ఆమె గొంతు.

"మీ బావ అమాయకుడు. ఆ సీసా ముందు నాకే చూపించాడు. ముప్పై సెకన్లలో ఆ హాల్లోకి మంటలార్పే గ్యాస్ వస్తుంది. మంట బతకని చోట మనిషీ బతకడు."

సైరన్ మోగింది. ఉడుము వాచీలోని లేజర్‌ని తలుపు మీద ప్రయోగించాడు. ఆ ఉక్కు ముందు అది అగ్గిపుల్లకి కూడా సాటి రాలేదు. చుట్టూ చూశాడు. గోడకి ఒక సక్షన్ హ్యాండిల్ వేలాడుతోంది. నేల పలకలు ఎత్తడానికి వాడేది. ఒక పలకకి అతికించి లాగాడు. కింద కొండచిలువల్లా కేబుళ్లు, వాటి మీదుగా చల్లగాలి. అందులోకి దిగి గాలి వస్తున్న వైపు పాకాడు. వెనక బుస్సుమని గ్యాస్ వచ్చింది. ఊపిరి బిగబట్టి, చివర ఉన్న జాలీని కాళ్లతో తన్ని, ఏసీ మెషిన్ల గదిలో పడ్డాడు.

సరిగ్గా రెండు. దూరంగా ఒక పేలుడు. బిల్డింగ్‌కి కరెంటు తెచ్చే మెయిన్ లైన్ టవర్ కూలింది.

దీపాలు ఆరాయి. ఏసీ మెషిన్లు ఆగిపోయాయి. ఇక సర్వర్లకి బ్యాటరీ ఏడు నిమిషాలే.

అతను యార్డులోకి పరుగెత్తేసరికి ఆరు జనరేటర్లూ ఖళ్లుఖళ్లున దగ్గి, తెల్లపొగ కక్కి, ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి. మేస్త్రి తల పట్టుకున్నాడు.

"ఇప్పుడు బోల్టు తిప్పుతావా, సంతకం తెమ్మంటావా?"

మేస్త్రి ఒక బూతు తిట్టి స్పానర్ అందుకున్నాడు. వాల్వ్ మూశాడు. ఒక జనరేటర్ పైపులోంచి నీళ్లు బయటికి వదిలాడు. ఫిల్టర్ ఊడదీసి కొత్తది బిగించాడు. ఉడుము ట్యాంకర్ పైపు లాక్కొచ్చాడు.

గేటు దగ్గర నెమలి కారు హారన్ ఆగకుండా మోగుతోంది. ఆమె దిగి వాచ్‌మన్ గుండెకి పిస్టల్ గురిపెట్టింది.

"తెరువు!"

"నొక్కుతూనే ఉన్నానమ్మా! గేటుకి కూడా కరెంటు కావాలి కదా!"

ఆమె ఒక్క క్షణం ఆ గేటు వైపు చూసింది. తర్వాత పిస్టల్‌తో ట్యాంకర్ వైపు తిరిగి పరుగెత్తుకొచ్చింది. మొదటి తూటా మేస్త్రి చెవి పక్కనుంచి పోయింది. రెండోది పేలేలోపు ఉడుము పైపు ఆమె మొహం మీదకి తిప్పాడు. కళ్లద్దాలు ఎగిరిపోయాయి. కళ్లనిండా డీజిల్. పిస్టల్ కింద పడింది. వాచ్‌మన్ వెనకనుంచి వచ్చి ఆమె రెండు చేతులూ విరిచి పట్టుకున్నాడు.

"బ్యాటరీ నలభై సెకన్లే!" అరిచాడు ఉడుము, పైపు మళ్లీ తగిలిస్తూ.

"అరిస్తే తిరుగుతుందా? చేతిపంపు కొట్టు!"

కొట్టాడు. గాలి బుడగలు పోయి డీజిల్ చిమ్మింది. మేస్త్రి స్విచ్ నొక్కాడు. ఒక దగ్గు. ఇంకో దగ్గు. బ్యాటరీ మీటర్‌లో మూడు సెకన్లు మిగిలుండగా జనరేటర్ నల్లపొగ వదిలి గర్జించింది.

"ఒక్కటే తిరుగుతోంది. ఆరింటి బరువు మొయ్యలేదు," అన్నాడు మేస్త్రి.

ఉడుము డేటా సెంటర్ కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేశాడు. "అంబులెన్సులు, రైళ్లు, ఆసుపత్రులు ఉంచండి. మిగతావన్నీ ఆపెయ్యండి."

"సినిమాలు, గేములు, వీడియోలు కూడానా?"

"ముందు అవే."

సాయంత్రానికి చీఫ్ ఫోన్ చేశాడు. మెచ్చుకోలేదు. వీడియోలు రావట్లేదని నాలుగు లక్షల ఫిర్యాదులు వచ్చాయట. అంబులెన్సుల గురించి ఒక్కరూ అడగలేదట.

ఉడుము డేటా సెంటర్ మెట్ల మీద కూర్చుని గడ్డం పీక్కుంటుండగా ఫోన్ మళ్లీ మోగింది. అక్క.

"అక్కా..."

"ఫోన్లు పనిచేస్తున్నాయో లేదో చూద్దామని చేశా. పనిచేస్తున్నాయి. పెట్టేస్తున్నా."