చివరి భాగానికి మరుపుతెర

చంద్రుడి మీది సోమపురిలో ఆ శుక్రవారం ఎవరికీ పనిమీద ధ్యాస లేదు. మర్నాడే ‘నీలి ద్వారం’ చివరి భాగం. నిర్జన గ్రహం మీద దొరికిన నీలి తలుపును నౌకాధిపతి చారణి తెరవబోతోంది. అవతల ఎవరుంటారు? రత్తాలు టీ కొట్టులో ఇదే గోల. మూత కప్పుల్లో టీ చల్లారిపోతున్నా ఎవరికీ పట్టడం లేదు.

నిజానికి ఆ సీరియల్ ఎప్పుడో పాతకాలంనాటిది. ఏటా మొదటి నుంచీ వేస్తారు, ఏటా చివరి భాగాన్ని కొత్తగా చూస్తారు. ఆ చోద్యమంతా డాక్టర్ హైమవతి కనిపెట్టిన మరుపుతెర చలవే. టోపీలాంటి ఆ పరికరం పెట్టుకుని, మరిచిపోవలసినదాన్ని తలుచుకుంటూ మీట నొక్కాలి. ఆ తలపుకి మెదడులో ఏ న్యూరాన్లు వెలిగాయో వాటి మీద సన్నని విద్యుత్ పొర పరుచుకుంటుంది. జ్ఞాపకం చెరిగిపోదు, తెరచాటుకు వెళుతుందంతే. ఏం జరగబోతోందో తెలియక వారమంతా పోట్లాడుకునే ఆ పాత సుఖం కోసమే హైమవతి ఏళ్ళ తరబడి కష్టపడింది. తొలి టోపీ తనే పెట్టుకుంది.

“రాసిపెట్టుకో ఖాదర్. తలుపు అవతల ఉండేది ముసలి చారణి,” అంది హైమవతి.

“కాదు. అవతలి వాళ్ళు కూడా తలుపుకి చెవి ఆనించి, ఇవతల ఎవరున్నారా అని వాదించుకుంటుంటారు,” అన్నాడు ఖాదర్. నౌకాశ్రయంలో ఇంజనీరుగా చేసి రిటైరైన అతనితో ఆమెది కాలేజీ నాటి స్నేహం.

“ఏటా అదే పాట! అది మెహర్ ఊహ కదయ్యా. నీ సొంతానిది ఒకటి చెప్పరాదూ?”

మెహర్ ఖాదర్ భార్య. అంతకుముందు హాస్టల్లో హైమవతి గదిలో ఉండేది. సీరియల్ మొదలైంది ఆ రోజుల్లోనే. ముగ్గురూ మెస్‌లో కూర్చుని, వచ్చేవారం కథ ఏమవుతుందో అని అన్నం చల్లారబెట్టుకునేవారు. సీరియల్ ఏళ్ళ తరబడి సాగి చివరికొచ్చేసరికి మెహర్ ఆసుపత్రి పాలైంది.

“పాపం, ముగింపు చూడకుండానే పోయింది,” అంది హైమవతి.

ఈ మాట ఖాదర్ ఏటా విని తల దించుకుంటాడు. ఈసారి కప్పు కింద పెట్టాడు.

“చూసింది హైమా. ఆసుపత్రిలో మనం ముగ్గురం కలిసే చూశాం. నువ్వే తన తల కింద దిండు ఎత్తి పట్టుకున్నావు.”

“నీకెలా తెలుసు? నువ్వూ తెర వేసుకున్నావు కదా!”

“ఏనాడూ వేసుకోలేదు. టోపీ పెట్టుకుంటాను, మీట నొక్కను. నొక్కితే ఆ సాయంత్రం కూడా పోతుంది. నీకు చెబుదామంటే, నీ సంబరం చూసి నోరు రాలేదు.”

మెదడులో కథ ఒకచోట, దాన్ని చూసిన సాయంత్రం మరోచోట ఉండవని ఇన్నేళ్ళ పరిశోధనలో హైమవతికి తట్టనేలేదు.

“ముగింపు చెప్పకు. తనేమందో మాత్రం చెప్పు,” అంది బతిమాలుతూ.

“ముగింపు చెప్పకుండా అదెలా చెప్పను?”

ఆమె సంచిలోంచి టోపీ తీసి పెట్టుకుంది. “తెర తియ్యి.”

“తీస్తే రేపటి భాగం మీకు తెలిసిపోతుంది. తియ్యమంటారా?” అంది టోపీ. ఆ హెచ్చరిక హైమవతి పెట్టినదే. అంతగా ఎదురుచూసిన రేపటిని తలుచుకుని ఆమె ఒక్క క్షణం తటపటాయించింది.

“తియ్యి.”

మందుల వాసన. చేతుల్లో దిండు. గోడమీది టీవీలో నీలి తలుపు తెరుచుకుంది. మెహర్ ఊహ తప్పింది. “ఛీ, ఇంతేనా! వీళ్ళకంటే నేనే బాగా రాసేదాన్ని కదే హైమా!” అంటూ మెహర్ దగ్గు వచ్చేదాకా నవ్వింది.

హైమవతి ఏడుస్తూనే నవ్వేసింది. తర్వాత కొట్టంతా కలయజూసింది. ఏటా ఒకే ఊహ పట్టుకుని అరిచే పైలట్, ఏటా అతనితో వాదించి ఓడిపోయే అతని తమ్ముడు. వీళ్ళలో మీట నొక్కినవాళ్ళు అసలెందరో?

“డాక్టరమ్మా, ఇంతకీ అవతల ఎవరుంటారంటారు?” అంది రత్తాలు.

హైమవతి కళ్ళు తుడుచుకుంది. “ఎవరుంటారు? మనలాగే తలుపుకి చెవి ఆనించినవాళ్ళు.”

“కాదు కాదు, ముసలి చారణి!” అన్నాడు ఖాదర్, వాదనకి కుర్చీ ముందుకు జరుపుకుంటూ.