గోడ నెమ్ము

తెల్లారి చాయ్ పెడుతున్న లస్మవ్వ చెయ్యి ఆగిపోయింది. వెనక గదిలోంచి దగ్గు. ముందు పొడిదగ్గు, ఆ వెంటనే ఊపిరందక సన్నటి ఈల. చనిపోయిన భర్త గట్టయ్య అచ్చం అట్లాగే దగ్గేవాడు, అదే గదిలో, అదే మంచం మీద. ఇప్పుడు దగ్గుతున్నది కోడలు మమత.

బొగ్గుబాయిలో రిటైరయ్యాక గట్టయ్య గోదావరిఖనిలో ఈ ఇల్లు కట్టాడు. ఆఖరి రోజులు వెనక గదిలో గడిపి, ఊపిరాడక పోయాడు. బాయి దుమ్మే మింగిందన్నారంతా. కానీ మమత ఏనాడూ బాయి మొహం చూసింది కాదు. పెళ్లయి వచ్చినప్పుడు నిండుగా ఉన్న పిల్ల, వానాకాలం దాటేసరికి నీళ్ల బిందె ఎత్తితే ఆయాసపడుతోంది. పోయిన మనిషి గదిలో పడుకోబెట్టినందుకు ఆయనే పట్టుకున్నాడేమోనని లస్మవ్వకు ఒకటే భయం. ఎవరికీ చెప్పకుండా దిష్టి తీసింది. తగ్గలేదు.

డాక్టర్లూ అయ్యారు. ఒకాయన సిరప్పు రాశాడు. ఇంకొకాయన ఆస్తమా అన్నాడు. ఆ తర్వాతాయన మమతను బయట కూర్చోబెట్టి, మనసులో దిగులుందని ఆమె భర్త కిషన్‌తో చెప్పి నిద్రమాత్రలిచ్చాడు. కిషన్ అదే నమ్మాడు. కమాన్‌పూర్‌లో తల్లిగారింటికి పోతే పెళ్లానికి దగ్గు తగ్గిపోవడం అతను కళ్లారా చూశాడు మరి.

ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడిపి రాత్రి షిఫ్టు నుంచి వచ్చిన కిషన్‌కు ఆ పొద్దున మమత బట్టలు సర్దుకుంటూ కనిపించింది.

"మళ్ల కమాన్‌పూరేనా? ఆడికి పోతే తగ్గుతది, ఈడికొస్తే లేస్తది. గిదేం రోగం?"

"రోగం గోడల ఉన్నది" అంది మమత. బలమంతా పెట్టి బీరువా పక్కకు జరిపింది. వెనక గోడ కింది నుంచి నడుమెత్తు దాకా నల్లటి బూజు. ముక్కు పగిలే ముక్కిపోయిన వాసన. బాత్రూం నీళ్లు గోడలోకి దిగి నెమ్ము పట్టిందని, తుడిచిన కొద్దీ వస్తోందని, డాక్టర్లకు చెబితే నవ్వారని ఆగి ఆగి చెప్పింది.

"బాపు చెమటోడ్చి కట్టిన ఇల్లిది. గీ ఇంట్ల రోగమున్నదంటవా?"

మమత జవాబు చెప్పబోయి దగ్గుతో వంగిపోయింది.

లస్మవ్వ గోడనే చూస్తోంది. భర్త బతికుండగా ఇద్దరూ గోలేటిలో చెల్లెలి బిడ్డ పెళ్లికి పోయి కొన్నాళ్లున్నారు. అక్కడ గట్టయ్య పిల్లాడిలా హాయిగా నిద్రపోయేవాడు. ఇల్లు చేరిన వారానికే మంచం పట్టాడు.

"కొడుకా, మీ బాపు గోలేటిల దగ్గలే. ఈ అర్రలకొచ్చినంకనే పడ్డడు."

 కిషన్ తండ్రి మంచం మీద కూలబడి గోడను చూశాడు. తర్వాత లేచి ఫోన్‌తో ఆ గోడ ఫొటో తీశాడు.

ముగ్గురూ కరీంనగర్ వెళ్లారు. ఊపిరితిత్తుల డాక్టరు ప్రసూన మమతను ముందుగా అడిగింది, ఎక్కడ పడుకుంటావని. మళ్లీ నవ్వుతారేమోనని మమత కిషన్ వైపు చూసింది. కిషనే ఫోన్ చూపించాడు. స్కానింగు, రక్తపరీక్షలు అయ్యాక ప్రసూన తేల్చి చెప్పింది.

"ఇది దిగులు కాదు, ఆస్తమా కాదు. గోడ మీది బూజు ఊపిరితో లోపలికి వెళ్లి ఊపిరితిత్తులు వాచాయి. మందులతో తగ్గుతుంది. కానీ ఆ ఇంట్లో ఉండకూడదు."

మమత ఏడ్చేసింది. తగ్గుతుందన్నారు కదా అని లస్మవ్వ వీపు నిమిరింది.

"అందుకు కాదు అత్తా. నేను అబద్ధమాడలేదని తేలినందుకు."

కిషన్ తల దించుకున్నాడు. తప్పయిందని మెల్లగా అన్నాడు. మమత అతని చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

లస్మవ్వ వెనక ఆగింది. "మా ఇంటాయనది గూడ గిదేనా, డాక్టరమ్మా?"

ప్రసూన చేతిలోని రిపోర్టులు పక్కన పెట్టింది. "ఇప్పుడు చెప్పలేనమ్మా. బొగ్గు దుమ్ము కావచ్చు, ఇదీ కావచ్చు. ఆయన ఎక్కడ పడుకుంటారని అప్పుడు ఎవరైనా అడిగారా?"

"ఎవ్వలడగలే."

ఇన్నాళ్లూ ఆయన వచ్చి కోడల్ని పట్టుకున్నాడని భయపడింది. ఆ భయం పోయింది. ఇంకో గదిలో పడుకోబెట్టి ఉంటే బతికేవాడేమో అన్న ఆలోచన వచ్చి కూర్చుంది. అది పోయేది కాదని లస్మవ్వకు తెలుసు. కొంగు నోట్లో కుక్కుకుని, మమత వచ్చి పిలిచేదాకా అక్కడే నిలబడి ఏడ్చింది.